తుంగభద్ర ఎడమగట్టున సైకిలు దారులు

రాయచూరు కోటగోడలో ఒక మహాశిల కలదు. దాని పొడవు 41 అడుగులకు మించినది. దానిపై 1294వ సంవత్సరమునాటి తెలుగు శాసనమొకటి చెక్కబడియున్నది. కాకతీయుల కాలమున గోరె గన్నయరెడ్డి ఈ కోటను కట్టించెనని ఆ శాసనము తెలుపుచున్నది. మన ఇండ్లకు చుట్టములు వచ్చినప్పుడు వారిని కోటకు తీసికొనిపోయి, ఈ తెలుగు అక్షరములను చూపి, ఈ నేలతో మనకు గల సంబంధము నిన్న మొన్నటిది కాదని చెప్పుట మనకు అలవాటు. కాని ఆ శిల దగ్గరనే గోడపై చెక్కియున్న బొమ్మను చూపువారు మిక్కిలి తక్కువ. ఆ బొమ్మలో ఒక బండి, బండిమీద ఒక పొడవైన రాయి, బండిని లాగు పశువుల బారు కనబడును. ఈ మహాశిలను కోటకు తెచ్చిన విధమును ఆనాటి పనివాడు అట్లు గీసిపెట్టినాడు. ఆ చక్రములకు ఆకులు లేవు. అవి నిండు చక్రములు. అంత బరువును మోసిన దారి ఎట్టిదో, ఎన్ని దినములు పట్టినదో శాసనము చెప్పదు.

మేము రెండు చక్రముల వాహనముపై ఈ జిల్లాలో తిరుగ మొదలిడినప్పటినుండి శాసనముకంటె ఆ బొమ్మయే మాకు ఎక్కువగా జ్ఞప్తికి వచ్చుచున్నది. అందుచేత ఈ సంచికకు రాజుల చరిత్ర వ్రాయుటకు బదులు దారుల చరిత్ర వ్రాయ పూనుకొంటిమి. తుంగభద్రకు ఎడమగట్టున రెండు పల్లెలు కలవు. ఎగువన ఆనెగొంది, దిగువన బిచ్చాలి. ఈ రెండింటి చుట్టును సైకిలుపై తిరుగుటకు తగిన దారులు కలవు. మొదటిదానిని చూచుటకు దేశదేశములవారు వచ్చుచున్నారు. రెండవదానికి భక్తులు తప్ప ఇతరులు రారు. ఒకే నది ఒడ్డున, ఒకే గట్టున ఉన్న ఈ రెండు పల్లెల నడుమ మన కాపురములున్నవి.

పాఠకులలో కొందరు ఆనెగొంది మన జిల్లాలోనిది కాదు గదా యని అనవచ్చును. నిజమే, 1997లో కొప్పళ జిల్లా వేరుపడినప్పుడు గంగావతి తాలూకాతో పాటు ఆనెగొందియు అటు పోయినది. అంతకు ముందు అది రాయచూరు జిల్లాలోనిదే. జిల్లాల ఎల్లలు మారుట ఈ ప్రాంతమునకు కొత్త కాదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోయినప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమునకు వచ్చినది. కాని ఆ జిల్లాలోని గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోయి మహబూబునగరులో కలిసినవి. ఒకనాడు ఒక జిల్లా కచేరీకే అర్జీలు పెట్టుకొన్న ఆనెగొందివారును ఆలంపురమువారును నేడు వేర్వేరు రాష్ట్రములలో ఉన్నారు. నదికి మాత్రము ఈ సంగతి తెలియదు.

మన పెద్దలు ఈ ప్రాంతమునకు వచ్చునాటికి సైకిలు విలాసవస్తువు కాదు, పనిముట్టు. మద్రాసు సమీపమున అంబత్తూరులో టి.ఐ. సైకిల్సు కర్మాగారము 1949లోను, సోనీపతులో అట్లాసు 1951లోను, లూధియానాలో హీరో 1956లోను వెలసినవి. తుంగభద్ర కాలువయు స్వదేశపు సైకిలును ఇంచుమించు ఒకే కాలమున వచ్చినవని మనము గమనింపము. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలనుండి భూములు చూచుటకు వచ్చిన మన పెద్దలు రైలు దిగి, బస్సు దొరికినంతవరకు బస్సులో పోయి, అటుపైన అద్దె సైకిలు ఎక్కి పొలములు చూచిరి. పొలము గట్టున సైకిలు నిలిపి, పిడికెడు మన్ను తీసి, నీటితో తడిపి, ఉండచేసి చూచుట వారి పరీక్ష. బేరము కుదిరిన పిమ్మట గుడిసెలు వేసికొనిరి. ఆ గుడిసెల గుంపునకు ‘క్యాంపు’ అని పేరు వచ్చినది. గుడిసెలు పోయి మేడలు లేచినవి, బడులు, గుళ్ళు వచ్చినవి, మనుమలు పెద్దవారైరి. అయినను అవి ఇప్పటికిని క్యాంపులే. తాత్కాలికపు బసకు పెట్టిన పేరు మూడు తరములైనను వదలలేదు. పేరు వదలనిది ఊరివారి తప్పా, మన తప్పా యని మేము చాలమారులు తర్కించుకొంటిమి.

ఇచట సైకిలు తొక్కినవారికి రేగడి నేల గుణము తెలియును. ఎండకాలమున అది రాయి. వాన పడిన గంటకు జిగురు. చక్రమునకు అంటిన బురద మడ్డుగార్డు క్రింద ఇరుకుకొని చక్రము తిరుగుట మానును. పుల్లతో గీకి తీసినను నాలుగు బారలు పోవుసరికి మరల అంతే. అప్పుడు మనుష్యుని మోయవలసిన సైకిలును మనుష్యుడే భుజముపై వేసికొని మోయవలెను. మా తండ్రులు ఈ విధముగా సైకిళ్ళను మోసి మోసి, చివరకు కాలువ గట్టు దారులను ఆశ్రయించిరి. కాలువ గట్టుపై మొరము పోసి, పైఅధికారులు జీపులో తిరుగుటకు వేసిన తనిఖీ దారి వానలోను గట్టిగా ఉండును. నేడు మనము సుందరమైన సైకిలు దారులని చెప్పుకొనునవి చాలవరకు ఇట్టి గట్టుదారులే. అవి అందముకొరకు వేసినవి కావు. నీటికి కాపలా కాయుటకు వేసినవి.

ఇప్పుడు ఆనెగొంది దారి. తెల్లవారుజామున గంగావతిలో బయలుదేరి నైరుతి దిక్కుగా పోవలెను. పట్నమునుండి పల్లెకు పన్నెండు పదమూడు కిలోమీటర్లు మాత్రమే, కాని తొందరపడరాదు. పట్నము దాటగానే రెండు వైపులను వరిమళ్ళు, మళ్ళ చివర ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న బండరాళ్ళ గుట్టలు కనబడును. ఇంత పచ్చని నేలకు ఇంత బోడి కొండలు సరిహద్దుగా ఉండుట మేము మరెచ్చటను చూడలేదు. కొండలకు మళ్ళకు నడుమ అరటితోటలు. దారి ప్రక్కనే అడుగడుగున నీరు పారు చప్పుడు వినబడును. మోటారు వాహనమున పోవువారికి ఈ చప్పుడు వినబడదు. ఈ చప్పుడే ఆనెగొంది చరిత్ర యని మా అభిప్రాయము.

ఈ పారు నీరు మన తుంగభద్ర ఆనకట్ట కాలువది కాదు. ఇది విజయనగరకాలపు కాలువల నీరు. నదిలోని సహజమైన బండలను ఆసరాగా చేసికొని, వాని నడుమ ఖాళీలను రాళ్ళతో పూడ్చి, నీటిని ఒక ప్రక్కకు మళ్ళించి, కొండల అంచుననే వంపులు తిరుగుచు పారునట్లు ఆనాటివారు కాలువలు త్రవ్విరి. ఎడమగట్టున హులిగి, శివపురము, ఆనెగొంది, గంగావతి ఎగువ కాలువ, గంగావతి దిగువ కాలువ మొదలగునవి ఆ జాబితాలోనివే. రాజధాని 1565లో పాడుపడినది. కోటలు, అంగళ్ళు, ఏనుగుల సాలలు అన్నియు శిథిలములైనవి. కాలువలు మాత్రము పారుట మానలేదు. రాజ్యము పోయినను తూములు తెరచువాడు ఉండవలెను గదా! హంపిలో మనము చూచునది ఆ సామ్రాజ్యపు ఎముకలు. కాలువగట్టుపై సైకిలు తొక్కువానికి కనబడునది దాని నాడి.

ఆనెగొందిలో రంగనాథస్వామి గుడి, దాని ఎదుట గగనమహలు, గుడి వీథిలో రథము, పాత కోట ద్వారములు కలవు. కోటద్వారములు సూటిగా ఉండవు. గుఱ్ఱపు దండు ఒక్క పరుగున లోనికి రాకుండుటకు వానిని మలుపులతో కట్టుదురు. ఆ మలుపులు నేడు సైకిలువానిని నిదానింపజేయుచున్నవి. హరిహరరాయ బుక్కరాయలు 1336లో రాజ్యమును స్థాపింపకముందే ఆనెగొంది కోట కలదు. విజయనగరము పోయిన తరువాతను వారి వంశీయులమని చెప్పుకొను రాజులు ఇచటనే ఉండిరి, నైజాము పాలనలో ఆనెగొంది ఒక చిన్న సంస్థానముగా నిలిచినది. అనగా రాజధానికి ముందున్నదియు ఈ పల్లెయే, వెనుక మిగిలినదియు ఈ పల్లెయే. అరటినారతో బుట్టలు, సంచులు అల్లు స్త్రీలు ఇప్పుడు ఈ వీథులలో కనబడుదురు. పారవేయు అరటిబోదె వారికి జీవనాధారమైనది.

పల్లెనుండి నది ఒడ్డునకు పోవు దారి చిన్నది. ఒడ్డున 64 స్తంభముల మండపము కలదు. కృష్ణదేవరాయల సమాధి యని ప్రజలు చెప్పుదురు. వరదలో అది నిండ మునిగి, వరద తీసిన తరువాత బురద కడిగినట్లు మరల పైకి వచ్చును. నది నడుమ లంకలో నవబృందావనము. మాధ్వ యతులు తొమ్మండుగురి బృందావనములలో రాయల గురువైన వ్యాసరాయలదియు ఒకటి. ఇచటికి పడవపైననే పోవలెను.

పడవ యనిన ఇచట గుండ్రని బుట్టపడవ. కన్నడిగులు హరిగోలు అందురు, మనము అరిగోలు లేక పుట్టి యందుము. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేసు ఈ రేవునే దాటి, ఈ పడవలను గూర్చి వ్రాసినాడు. లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు. పదునైదు ఇరువదిమంది ఎక్కుదురు. అవసరమైనచో గుఱ్ఱములను, ఎద్దులను సైతము దాటింతురు. కాని అవి సూటిగా పోక గిఱ్ఱున తిరుగుచునే పోవునని అతడు ఆశ్చర్యపడినాడు. మేము ఈ పడవలో మూడు సైకిళ్ళు పెట్టుకొని తళారిఘట్టమునకు దాటితిమి. తోలునకు బదులు ప్లాస్టికు పట్ట, దానికి తారుపూత. మిగిలినదంతయు పేసు చెప్పినట్లే. సైకిళ్ళ చక్రములు పైకి ఉండునట్లు పరుండబెట్టగా, పడవ తిరుగుచుండ, గాలికి చక్రములును తిరిగినవి. మాతోనున్న బాలుడు దానిని చూచి దారిపొడుగునను నవ్వినాడు.

ఈ రేవు కథ నవ్వుటకు మాత్రమే కాదు. నదిలో రాతికంబముల వరుసలు ఇంకను నిలిచియున్నవి. అవి విజయనగరకాలపు వంతెన యొక్క శేషములు. ఆ వంతెన పోయిన పిమ్మట కొన్ని శతాబ్దములు పుట్టియే వంతెన. ఇరువదవ శతాబ్దపు చివర ఇచట కొత్త వంతెన కట్ట మొదలిడిరి. ప్రాచీన కట్టడముల నడుమ వంతెన తగదని ఆక్షేపణ కలిగి, 1999లో యునెస్కో సంస్థ హంపిని అపాయములోనున్న ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది. పని ఆగినది. 2006లో ఆ పట్టికనుండి హంపిని తొలగించిరి. పని మరల సాగినది. 2009 జనవరిలో, పూర్తికాకమునుపే, ఆ వంతెన కూలినది. పని చేయుచున్న కూలీలు ప్రాణములు కోల్పోయిరి. తరువాత దిగువన కడెబాగిలు, బుక్కసాగరముల నడుమ వేరొక వంతెన కట్టిరి. నేడు గంగావతి వైపునుండి హంపికి పోవు సైకిలువారు దానిపైన పోవచ్చును. బడికి, ఆసుపత్రికి, సంతకు పోవలసిన ఆవలిగట్టు ఎదుటనే కనబడుచున్నను ఎన్నో మైళ్ళు చుట్టి పోవలసివచ్చినవారి బాధయు సత్యమే. రాతి శిల్పమును కాపాడవలెనను వారి మాటయు సత్యమే. ఈ రెండు సత్యముల నడుమ మృతులైన కూలీల పేర్లను మాత్రము ఎవరును తలచుటలేదు.

ఆనెగొందినుండి పడమరగా పోవు దారి అన్నిటికంటె రమణీయమైనది. ఎడమవైపున కొండలమాటున నది, కుడివైపున గుట్టలు, నడుమ మళ్ళు. మూడు నాలుగు కిలోమీటర్లలో దారి విడిచి ప్రక్కకు తిరిగినచో పంపాసరోవరము. మరికొంత దూరమున అంజనాద్రి. దాని 575 మెట్ల మొదట సైకిలును ఎవరికైనను అప్పగించి ఎక్కవలెను. ఆంజనేయుని జన్మస్థలము ఇదియే యని ఇచటివారును, తిరుమల కొండలలోని అంజనాద్రి యని 2021లో తిరుమల తిరుపతి దేవస్థానము వారును చెప్పిరి. ఈ వాదములో తెలుగువారమై కన్నడదేశమున కాపురమున్న మన నోటినుండి తీర్పు రాకుండుటయే మేలు. పైనుండి చూచినచో నది, కాలువలు, మళ్ళు, బండలు ఒకే పటమువలె కనబడును. కాలువ ఎచ్చట పుట్టి ఏ గుట్టను చుట్టి ఎచ్చటికి పోవునో బోధపడును. మెట్లెక్కిన శ్రమకు ఆ ఒక్కటి చాలును.

హనుమనహళ్ళి దాటి విరూపాపురగడ్డ దారి చీలును. ఆ లంకలో ఒకప్పుడు విదేశీయులకు బసలు కలవు. సర్వోన్నత న్యాయస్థానపు తీర్పుననుసరించి 2020లో వానిని తొలగించిరి. సూటిగా పోయినచో సానాపురము. ఇచటి చెరువు ప్రక్క దారి సైకిలు తొక్కువారికి ప్రాణము. గాలి చల్లగా వీచును, నీటిలో బండల నీడలు కనబడును. సెలవు దినములలో కార్ల తాకిడి ఎక్కువ. ఉదయము ఎనిమిది గంటలలోపల తిరిగివచ్చుట మంచిది. ఈ నీరు మాత్రము రాయల కాలువది కాదు. ఇది తుంగభద్ర ఆనకట్ట ఎడమగట్టు కాలువ నీరు. సానాపురముకడ పాత నీరును కొత్త నీరును ఒకే చూపులో కనబడును. ఇక్కడినుండి మన కథ మొదలగుచున్నది.

తుంగభద్రను కట్టి కరవును మాన్పవలెనని 1860లోనే సర్ ఆర్థరు కాటను తలచినాడు. 1876–78 కరవులో ఈ ప్రాంతము అలమటించినది. అయినను మద్రాసు ప్రభుత్వమునకు, నైజాము ప్రభుత్వమునకు ఒప్పందము కుదురుటకు 1944 వరకు పట్టినది. 1945 ఫిబ్రవరి 28న హైదరాబాదు వైపున యువరాజు ఆజంజాహు, మద్రాసు వైపున గవర్నరు సర్ ఆర్థరు హోపు శంకుస్థాపనలు చేసిరి. 1953లో నీరు నిలిచినది. 33 గేట్ల ఆనకట్టనుండి ఎడమగట్టు కాలువ కొండలను చీల్చుకొని, పాపయ్య సొరంగమున దూరి, గంగావతి, సింధనూరు, మాన్వి, రాయచూరు తాలూకాల దిక్కుగా 227 కిలోమీటర్లు పోవునట్లు త్రవ్విరి.

ఈ కాలువ ఉద్దేశము వరి కాదు. కరవు రాకుండ కాపాడుటయే. కొంచెము నీటిని ఎక్కువ పొలములకు పంచి, జొన్న, ప్రత్తి, వేరుశనగవంటి ఆరుతడి పైరులను నిలబెట్టుట వారి లెక్క. ఏ పొలమునకు ఏ పైరు అని ముందే నిర్ణయించిరి; వరికి నిర్ణయించినది స్వల్పభాగమే. ఆ లెక్క వ్రాసినవారు మనవారిని ఎరుగరు. డెల్టాలో ఎకరము అమ్మి ఇచట పలు ఎకరములు కొన్న రైతునకు నీరు కనబడినచో వరి తప్ప మరొకటి తోచదు. మెట్ట భూములను మడులు కట్టి, గట్లు వేసి, రాత్రింబగళ్ళు శ్రమపడి, జొన్న పండిన చోట వరి పండించిరి. గంగావతి, కారటగి మిల్లుల సోనామసూరి బియ్యము దేశమంతట పేరుపొందినది. గంగావతిని కర్ణాటకపు అన్నపాత్ర యనుచున్నారు. ఇది మన సంఘపు సభలలో ప్రతి సంవత్సరము వినబడు మాట. అందు అసత్యము లేదు. కాని అది సగము మాత్రమే. మిగిలిన సగమును చూచుటకు సైకిలుపై తూర్పునకు పోవలెను.

గంగావతినుండి శ్రీరామనగరము, కారటగి, సింధనూరు, మాన్విల మీదుగా రాయచూరునకు సుమారు 90 మైళ్ళు. దీనిని మేము రెండు దినములలో పోయితిమి. పెద్దబాట కాబట్టి లారీల బాధ కలదు. కోతలకాలమున బాటకు సగము మేర వడ్లు ఆరబోయుదురు. సైకిలువాడు వడ్లకు లారీకి నడుమ గీతవంటి దారిని వెదకుకొనవలెను. మొదటి దినము ముప్పాతిక వంతు పచ్చదనమే. దుకాణములపై కన్నడ అక్షరములు, లోపల తెలుగు మాటలు. ఒక చోట దాహమడిగితిమి. ఇంటి పెద్దావిడ “ఏ ఊరు బాబూ మీది?” అని అడిగినది. గంగావతి యని చెప్పితిమి. “అది కాదు నాయనా, అసలు ఊరు?” అని మరల అడిగినది. ఆమె ఈ జిల్లాలో పుట్టినది. ఆమె మనుమలు కన్నడ బడిలో చదువుచున్నారు. అయినను అసలు ఊరు అడుగక మానలేదు. సైకిళ్ళపై బడినుండి తిరిగివచ్చు బాలికలు గుంపుగా మమ్ము దాటిపోయిరి. కర్ణాటక ప్రభుత్వము 2006–07లో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ఉచితముగా సైకిళ్ళు ఇయ్యసాగిన తరువాత కాలువగట్టు దారులలో ఆడపిల్లల గంటల చప్పుడు విననైనదని పెద్దలు చెప్పుదురు.

సింధనూరు దాటి, మాన్వి సమీపించుకొలది పచ్చదనము పలుచనగును. ఎచ్చట మారినదో చెప్పలేము. బస్సులో పోవువానికి ఇది ఒక కునుకు, సైకిలువానికి అర్ధదినము. మొదట ఒక మడి వరి, ఒక మడి ప్రత్తి. తరువాత ప్రత్తి, కంది, జొన్న. తరువాత పిల్లకాలువలో నీటికి బదులు జిల్లేడు చెట్లు. తూము తలుపులకు త్రుప్పు. కాలువ కలదు, గట్టు కలదు, నీరు లేదు. ఎగువన నిర్ణయమునకు మించి వరి వేసినందువలన దిగువకు నీరు చేరదు. ఈ సంగతి ఈ ప్రాంతపు నీటిపారుదలను పరిశీలించినవారు పలుమారులు వ్రాసియున్నారు. తూములు వెడల్పు చేయుట, కాలువలో పంపులు పెట్టుట, జరిమానా కట్టియైనను వరియే వేయుట — ఇవి మన క్యాంపులలో రహస్యములు కావు. మనమొక్కరమే చేసితిమా? లేదు. లాభము చూచి స్థానికులును అదే దారిని పట్టిరి. అమ్మినవారును, పాలించినవారును చూచుచు ఊరకుండిరి. పూడికవలన జలాశయమే కుంచించుకొనిపోయినది. మొదట సుమారు 133 టి.ఎం.సి.ల నీరు పట్టునది నేడు 105కు దిగినది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినప్పుడు ఎగువవారు, దిగువవారు అందరును ఒకటిగా నిద్ర మానిరి. ఇవన్నియు నిజమే. అయినను మొట్టమొదట నీరు మళ్ళిన మడి ఎవరిదను ప్రశ్న మిగిలియే యున్నది. సంఘపు సంచికలో ఈ మాట వ్రాయవచ్చునా యని మేము కొంత తటపటాయించితిమి. సంచిక మనదే కాబట్టి ఇందులోనే వ్రాయవలెనని తోచినది.

రాయచూరు చేరి, మరునాడు దక్షిణముగా గిల్లెసూగూరు దిక్కున బిచ్చాలికి పోయితిమి. దారి చిన్నది, వాహనములు తక్కువ. రెండువైపుల ప్రత్తిచేలు, తుమ్మచెట్లు. తుమ్మముల్లు టైరునకు శత్రువు. రెండు పంక్చర్లు వేసికొన్న తరువాత నది కనబడినది. ఆనెగొందిలో బండలనడుమ దూకు తుంగభద్ర ఇచట వెడల్పై, నెమ్మదియై, ఇసుకలో పరచుకొని యుండును. ఆవలిగట్టు ఆంధ్రదేశము, ఆ గట్టుననే మంత్రాలయము. 1671లో అచట బృందావన ప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామి ఈ పల్లెలో శిష్యుడు అప్పణాచార్యుని ఇంట ఉండి జపము చేసిన కట్టను ‘జపదకట్టె’ యని చూపుదురు. శిష్యుడు కన్నడదేశమువాడు, గురుని బృందావనము తెలుగుదేశమున. ఎల్ల యెచ్చటనని వారు అడిగియుండరు. 2009 అక్టోబరు మొదటి దినములలో వచ్చిన వరదలో ఈ గట్టు పల్లెలును ఆవలిగట్టు మంత్రాలయమును మునిగినవి. వంతెన కూలిన సంవత్సరమే ఆ వరదయు వచ్చినది. ఎగువన ఆ యేటి ఆరంభము, దిగువన ఆ యేటి చివర — రెండును నది పేరుతోనే జనుల జ్ఞాపకములో నిలిచినవి.

విజయనగర కాలువల జాబితాలో బిచ్చాలి పేరును కలదు. రాయల పాలనలో నదికి దగ్గరగా ఉన్నవారు నదినుండియే నీరు తీసికొనిరి. 227 కిలోమీటర్ల పొడవు కాలువకు చివర నిలిచి ఎదురుచూడలేదు. చిన్న కాలువ చిన్న ఊరిది. దాని మొదలు, చివర ఒకే పిలుపు దూరమున ఉండును. ఎగువవాడు ఎక్కువ తీసికొన్నచో దిగువవాడు సాయంకాలమే వచ్చి అడుగును. మన కాలువలో అడుగవలసినవాడు రెండు తాలూకాల ఆవల ఉన్నాడు.

తిరుగుదారిలో మాన్వికి ఇవతల ఒక పిల్లకాలువ గట్టున చెట్టు క్రింద కూర్చుంటిమి. కాలువలో గడ్డి మొలచియున్నది. చేనిలోనుండి ఒక ముసలి రైతు వచ్చి, మా సైకిళ్ళకు వ్రేలాడు సంచులను, నీటి సీసాలను చూచి, ఏ వైపునుండి వచ్చుచున్నారని కన్నడమున అడిగినాడు. గంగావతి వైపువారమని చెప్పితిమి. ఆయన సైకిలు పిడిపై చేయి వేసి, తెలుగు కలిపి, “పైన కాలువలో నీళ్ళున్నవా, అయ్యా?” అని అడిగినాడు.

మొన్న ఉదయము శ్రీరామనగరము దాటుచుండగా కాలువ గట్టు తాకునట్లు పారుచుండెను. మేము ఆగి అందులో ముఖము కడుగుకొంటిమి. ఆ మాటయే ఆయనకు చెప్పితిమి. ఆయన తల ఊపి, కాలువలోనికి దిగి, ఆ గడ్డిని కోసి మోపు కట్టుకొనుచుండెను.